మైళ్లు వేరు, గోల్డ్ కార్డు వేరు

"మాస్టారూ, ఏటా అమెరికా వెళ్లొస్తున్నాం కదా, తరచూ ఎగిరేవాళ్లకు విమాన సంస్థలిచ్చే గోల్డ్ కార్డు మాకెందుకు రాలేదంటారు?" అని అడిగారు బ్రాడీపేటలో మా ఎదురింటాయన.

ఎలా వస్తుంది? ఏ ఏడు ఏది చవకైతే అదెక్కుతారు. ఒకసారి దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, ఇంకోసారి దోహా మీదుగా ఖతార్, మరోసారి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా. ఖతార్‌ది వన్‌వరల్డ్ కూటమి, లుఫ్తాన్సాది స్టార్ అలయన్స్, ఎమిరేట్స్ ఈ రెంటిలోనూ లేదు. మైళ్లంటే ఎగిరినందుకు విమాన సంస్థ మన ఖాతాలో వేసే పాయింట్లు. ఎక్కడి మైళ్లు అక్కడే పడుంటాయి. అదే స్టార్ అలయన్స్‌లోని లుఫ్తాన్సా, యునైటెడ్, 2014లో ఆ గూటికే చేరిన ఎయిరిండియా అయితే ఏది ఎక్కినా ఒకే ఖాతా నంబరు ఇవ్వొచ్చు.

పైగా ఆ ఖాతాలో రెండు లెక్కలుంటాయి. టికెట్లకు వాడుకునే మైళ్లు ఒకటి, గోల్డ్ లాంటి హోదా తేల్చేది ఇంకొకటి. ఈ రెండోది కాలేజీ అటెండెన్సు లాంటిది, చాలా సంస్థల్లో ఏడాది తిరిగితే మళ్లీ సున్నా. మైళ్లు కొనుక్కున్నా హోదా మాత్రం సాధారణంగా పెరగదు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ పథకం పెట్టినప్పుడు ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు. 2015 నుంచి డెల్టా, యునైటెడ్ టికెట్ ధర చూసి ఇస్తున్నాయి. చవక టికెట్ల బ్యాచ్ మనది, ఇక గోల్డు ఆశ దేనికండీ!

స్టార్ గోల్డుంటే, అంటే స్టార్ అలయన్స్ వాళ్ల గోల్డ్ హోదా ఉంటే, ఎయిర్‌పోర్టులో లాంజి (ప్రత్యేక విశ్రాంతి గది), అదనంగా ఇంకో పెట్టె. ఆవకాయ, గోంగూర, కారప్పొడి సర్దే ఇల్లాళ్లకు ఆ పెట్టె విలువ చెప్పక్కర్లేదు. కానీ ఆ పెట్టె కార్డున్న మనిషికే, వాళ్ల అమ్మానాన్నలకు రాదు. అలాంటి కార్డులు కంపెనీ పని మీద తిరిగే పిల్లలకు రానివ్వండి. డబ్బు కంపెనీది, మైళ్లు వాళ్ల ఖాతాలో. ఆ మైళ్లతో అమ్మకు టికెట్ తీయొచ్చు, పన్నులు మాత్రం చేతి నుంచి కట్టాలి. నన్నడిగితే కార్డు కన్నా ఇదే లాభం.

మనవాళ్లకు అసలు చిక్కు పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఖాతాలో పొడి అక్షరం కొడతారు. పేరు కలవకపోతే మైళ్లు ఆగిపోవచ్చు. ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి. నంబరివ్వడం మరిచినా, ప్రయాణమయ్యాక కొంత గడువులోపు మైళ్లు వేయమని అడగొచ్చు. అందుకని బోర్డింగ్ పాసులు మైళ్లు పడేదాకా పారేయకండి.