మిల్వాకీలో ఒకే ఫ్లాట్‌కి రెండు జవాబులు

నా కొలీగ్ నల్లజాతి వాడు, పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోని మిల్వాకీలో, నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే నార్త్ సైడ్‌లోనే. ఆఫీసు దగ్గర్లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ప్రకటన చూసి ఫోన్ చేస్తే బాగానే మాట్లాడారట, తీరా వెళ్ళాక "నిన్ననే ఇచ్చేశాం" అన్నారట. ఇదేమీ తెలియని నేను రెండు రోజుల తర్వాత అక్కడికే వెళ్ళాను. మేనేజర్ తాళాలు పట్టుకుని అన్నీ తిప్పి చూపించి, ఈ వారమే వచ్చి చేరిపొమ్మంది. లంచ్‌లో ఆ మాట చెబితే అతను తినడం ఆపి "ఫ్లాట్ నంబరెంత?" అని అడిగాడు. అదే నంబరు.

నిజం చెప్పొద్దూ, నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువేసింది. నేను ఊళ్ళో దిగిన కొత్తలో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మొదట చెప్పింది "నార్త్ సైడ్ వద్దు బ్రో" అనే. 1930ల్లో ఫెడరల్ సంస్థ ఒకటి మ్యాపులు గీసి, నల్లవాళ్ళుండే పేటలకి ఎర్ర రంగు పూసి, లోన్లకి రిస్క్ అని ముద్ర వేసింది. మేం ఆ మ్యాపునే నోటిమాటగా ఒకరికొకరం అప్పజెప్పుకుంటున్నామన్నమాట.

ఇక ఫిర్యాదు సంగతి. ఇళ్ళ వ్యవహారాలు చూసే ఫెడరల్ శాఖ హడ్ (HUD) వాళ్ళ 903 ఫారం ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, కానీ జరిగిన ఏడాది లోపు పెట్టాలి. మేం చేసిన తెలివితక్కువ పని, ప్రకటన స్క్రీన్‌షాట్ తీసుకోకపోవడం. నాకొచ్చిన ఈమెయిల్, అతని కాల్ లిస్టు ఉండబట్టి సరిపోయింది. హడ్‌కి పంపేముందే లోకల్ సంస్థ ఒకటి టెస్టర్లని పంపింది: జీతం, కుటుంబం ఒకేలా చెప్పే ఇద్దరు, ఒకరు తెల్ల, ఒకరు నల్ల. వాళ్ళకీ రెండు జవాబులే వచ్చాయి. (ఓనర్ అదే బిల్డింగ్‌లో ఉంటే, నాలుగు పోర్షన్లు మించకపోతే, ఇళ్ళ విషయంలో వివక్ష కూడదనే 1968 చట్టంలో కొంత మినహాయింపు ఉంది, ఇక్కడ డ్యూప్లెక్సులు, అంటే రెండు పోర్షన్ల ఇళ్ళు, ఎక్కువ కాబట్టి చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. కానీ జాతి చూసి కాదంటే 1866 నాటి చట్టం కింద కోర్టుకెళ్ళొచ్చు.)

విచారణ 100 రోజుల్లో ముగించాలని రూలు, మాది ఎనిమిది నెలలు సాగింది. మధ్యలో నేను విసుక్కుంటే అతను నవ్వి వాళ్ళ అమ్మమ్మ సంగతి చెప్పాడు. 1967-68లో ఫాదర్ గ్రోపీ అనే తెల్ల క్యాథలిక్ ప్రీస్టు, నల్లవాళ్ళ హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ యూత్ కౌన్సిల్ పిల్లలు ఇళ్ళ హక్కు కోసం వరసగా 200 రాత్రులు ఊరేగింపు తీశారు, 16వ వీధి వంతెన దాటి తెల్లవాళ్ళుండే సౌత్ సైడ్‌కి వెళ్తే రాళ్ళు, సీసాలు పడ్డాయి. ఆ ఊరేగింపులో వాళ్ళ అమ్మమ్మా ఉందట. అంతకుముందు వెల్ ఫిలిప్స్ అనే నల్లజాతి కౌన్సిల్ సభ్యురాలు ఇళ్ళ విషయంలో వివక్ష కూడదనే బిల్లు సిటీ కౌన్సిల్లో నాలుగుసార్లు పెడితే, ప్రతిసారీ దానికి అనుకూలంగా పడింది ఒక్క ఓటే, అది ఫిలిప్స్‌దే.

చివరికి రాజీ కుదిరింది. కొంత డబ్బు, స్టాఫ్‌కి ట్రైనింగ్, ఖాళీ అయిన ఫ్లాట్ ఇస్తామన్న మాట. అప్పటికే అతను వేరేచోట ఏడాది లీజు రాసేశాడు, ఆఫీసుకి రెండు బస్సులు మారి వస్తున్నాడు.