మూలికను మందుగానే చూద్దాం

విశాఖపట్నంలో ఉండేవారికి మూలికలు కొత్త కావు. పాడేరు, చింతపల్లి వైపు పండే పసుపు, మిరియాలు మన బజార్లకు వస్తాయి. ఈ నగరంలోనే ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన్యంలోని గిరిజనుల వద్ద తేనె, కరక్కాయ, ఉసిరి వంటి అటవీ ఉత్పత్తులను కొనుగోలు చేస్తోంది. ఇంత దగ్గరగా దొరుకుతున్నందువల్లనే కాబోలు, చెట్టు మందు ఎంత వాడినా హాని చేయదన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. ఈ నమ్మకం సరైనది కాదని నేను గట్టిగా భావిస్తున్నాను.

మొక్క తన రక్షణ కోసం తయారుచేసుకునే రసాయనాలే చాలావరకు మనకు ఔషధాలవుతాయి. సర్పగంధ వేరునే చూడండి. మన వైద్యులు శతాబ్దాలుగా వాడిన ఆ వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది రక్తపోటును తగ్గించే మందుగా ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది, కానీ కొందరిలో తీవ్రమైన మానసిక కుంగుబాటుకు దారితీస్తుందని కూడా తెలిసింది. మేలు, కీడు రెండూ ఒకే వేరులో ఉన్నాయి కనుక ఎవరికి, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు ఇవ్వాలన్నదే అసలు వైద్యం.

తయారుచేసే పద్ధతికీ అంతే ప్రాముఖ్యం ఉంది. నీటిలో మరిగించి నాలుగో వంతుకు దించే కషాయంలోకి నీటిలో కరిగేవే ఎక్కువగా దిగుతాయి. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, ఒంటికి కూడా సరిగా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే ఎక్కువగా పడుతుంది. పాలలో పసుపు, మిరియాల పొడి కలిపి ఇచ్చే మన పెద్దల అలవాటును నేను అందుకే ఎంతో గౌరవిస్తాను.

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల త్రిఫల చూర్ణాన్ని మలబద్ధకానికి రాత్రిపూట గోరువెచ్చని నీటితో తీసుకోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. దగ్గుకు చప్పరించే అతిమధురం మాత్రం వేరు సంగతి: రోజుల తరబడి ఎక్కువగా వాడితే అది రక్తంలో పొటాషియంను తగ్గించి, రక్తపోటును పెంచుతుంది. రక్తపోటు ఉన్నవారికి, గర్భిణులకు దాన్ని ఇంట్లో తోచినట్టు ఇవ్వకూడదు. తిప్పతీగ వాడకంతో కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు గుర్తించారు. కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దాని జోలికి వెళ్లవద్దు.

కొనేటప్పుడు డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ తప్పక చూడండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు తాము తాగే కషాయాలు, మింగే చూర్ణాల పేర్లన్నీ చీటీ మీద రాసుకుని డాక్టరుకు చూపించాలి.