ఐదు వాట్ల ఉద్యోగం

మ్యూనిక్ పక్కన గార్షింగ్‌లో, కిటికీల్లేని గదిలో నా పని. చలికాలమంతా చీకట్లో లోపలికెళ్లి చీకట్లోనే బయటికొస్తాం. పర్లాకిమిడి ఎండల్లో పెరిగినవాణ్ణి, ఇక్కడ గదిలో అర డిగ్రీ తేడా వస్తే కంగారుపడతాను.

వాచీ, ఉంగరం తీసి, లేజర్ కళ్లద్దాలు పెట్టుకుని, టైటానియం సఫైర్ స్ఫటికం మీదికి ఆకుపచ్చ లేజర్ వదులుతాను. 800 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతి పుడుతుంది, మొదట ఎడతెగని ధారలా. ఒక అద్దాన్ని వేలితో చిన్నగా తడితే, ధార కాస్తా పల్సులుగా, అంటే అతి చిన్న మెరుపులుగా తెగుతుంది. తెరమీద, కాంతిలో ఏయే రంగులున్నాయో చూపే సన్నటి స్పెక్ట్రమ్ గీత ఒక్కసారిగా వెడల్పవుతుంది. ఆ క్షణం నాకింకా బోరు కొట్టలేదు.

మా ఊరి రథయాత్రలో ఎవరికి వాళ్లు తాడు లాగితే రథం కదలదు, అందరూ ఒక్క ఊపున లాగాలి. అద్దాల మధ్య తిరిగే లక్షకు పైగా తరంగాలూ అంతే. లయ కుదిరితే ఒకచోట కూడి పెరుగుతాయి, మిగతాచోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మోడ్ లాకింగ్ అంటే ఇదే. మా పల్సు నిడివి 35 ఫెమ్టోసెకన్లు; సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక ఫెమ్టోసెకను. అంతసేపట్లో కాంతి వెంట్రుక మందం కూడా దాటదు.

అసలు టెన్షన్ తర్వాతే. ఈ పల్సు శక్తిని ఉన్నపళంగా పెంచబోతే స్ఫటికమే పాడవుతుంది. అమెరికాలోని రోచెస్టర్‌లో 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ దారి చూపించారు: పొడవు తరంగాలను ముందు, పొట్టివాటిని వెనక పంపి పల్సును వేల రెట్లు సాగదీసి, పెంచి, ఆఖర్న గ్రేటింగులతో, అంటే రంగులను విడదీసే సన్నటి గీతల పలకలతో, మళ్లీ కుదించడం. 2018లో నోబెల్ వచ్చింది. ఆ గ్రేటింగ్ కోణం కాస్త జరిగినా ప్రయోగం ఆగుతుంది, చూపులన్నీ నా వైపే.

సెలవుకి వెళ్లినప్పుడు బావ అడిగాడు, "నీ లేజర్ ఎన్ని వాట్లురా?"

"ఐదు, బావా."

"మా గుమ్మంలో బల్బే తొమ్మిది కదరా!"

సగటున అంతే మరి. కానీ ఆ ఐదు వాట్లూ సెకనుకు 1,000 పల్సుల్లో ఇరుక్కుని వస్తాయి. పల్సున్నంతసేపూ అది సుమారు 14,000 కోట్ల వాట్లు. బావ కొమ్ముతో కొంగలు, నెమళ్లు చెక్కుతాడు, ఈ లెక్క అతనికి పట్టలేదు. వేడి పక్కకి పాకేలోపే పల్సు అయిపోతుందని, తగిలినచోటి కొమ్ము మాత్రమే లేచిపోయి పక్కన మాడదని చెప్పాక మాత్రం చెవులు రిక్కించాడు.

"అయితే కొమ్ము కాలిన కంపు ఉండదా?"

"బాగా తగ్గుతుంది."

"ఎంతవుతుందేం?"

"కోట్లలోనే."

"సర్లే, ఆ ఆకురాయి ఇటు పడెయ్."