సోలార్ హీటరా, వాన నీటి సంపా?

మర్రిగూడలో ఇల్లు కట్టేటప్పుడు, మిగిలిన డబ్బుతో మిద్దె మీద సోలార్ హీటర్ పెట్టించాలా, నేలలో వాన నీటి సంపు కట్టించాలా అన్న ప్రశ్న మా ఇంట్లో చాలా రోజులు నలిగింది. మా ఆవిడ వేడినీళ్ల వైపే మొగ్గింది.

నేను లెక్క వేశాను. చదరపు మీటరు స్లాబు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు వస్తుంది కాబట్టి, 100 చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిస్తే, ఆవిరికీ తొలి వానతో మిద్దె కడగడానికీ ఐదో వంతు పోయినా 48,000 లీటర్లు దక్కుతాయి. పైగా మా వైపు బోరు నీటిలోని ఫ్లోరైడు మరిగించినా పోదు, నీరు ఇగిరేకొద్దీ గాఢత పెరుగుతుంది. మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఆ భయం తగ్గిన మాట నిజమే. అయితే ఆ బోరు నీళ్లే హీటర్ గొట్టాల్లో తెల్లటి పొలుసుగా పేరుకోవడం మా తమ్ముడి ఇంట్లో కళ్లారా చూశాను.

ఇక్కడ వేడినీళ్లు తప్పనిసరయ్యేది చలికాలంలోనే; అందుకు కట్టెల పొయ్యి మీది కాగు చాలు. చివరికి 10,000 లీటర్ల సంపు కట్టించాం. ఆవిడ మాట కాదనలేక, హీటర్ కోసం గోడలో పైపు మాత్రం వేయించి మూత బిగించాం.