చందనం విడతలతో సాగిన సాధన

సింహాచలం గిరిప్రదక్షిణ చేయాలన్న కోరిక, గోపాలపట్నంలో కాపురం పెట్టిన నాటి నుంచీ నా మనసులో ఉంది. కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు. రోజంతా కుర్చీలో కూర్చుని లెక్కలు చూసుకునే ఉద్యోగికి అది చిన్న దూరం కాదు కనుక, గత ఏడాది దానిని కోరికగా వదిలేయకుండా తిథులతో ముడిపెట్టాను.

ఏడాదంతా చందనపు పూత కింద ఉండే అప్పన్న స్వామి నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు ముగిశాక ఆ రాత్రే స్వామికి తొలి విడత చందనం సమర్పిస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మిగిలిన విడతలు, ప్రతిసారీ మూడు మణుగుల చొప్పున. ఆఖరి విడతకు ముందురోజున, అంటే ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు, ప్రదక్షిణ మొదలవుతుంది. ఈ క్రమమే నాకు గడువుల పట్టిక అయింది: వైశాఖ పౌర్ణమికి ఆగకుండా గంట నడవగలగాలి, జ్యేష్ఠ పౌర్ణమికి సగం దూరం, ఆ తరువాత రెండు వారాలు మరికొంత పెంచి, చివరి వారం బాగా తగ్గించాలి. సొంతంగా పెట్టుకున్న గడువును ఎప్పుడైనా జరుపుకోవచ్చు, పంచాంగాన్ని జరపలేము.

ఆదివారాలు అసలు దారినే ముక్కలుగా నడిచాను. కొండ దిగువన మెట్లు మొదలయ్యే తొలిపావంచా నుంచి హనుమంతవాక, అక్కడి నుంచి జోడుగుళ్లపాలెం మీదుగా అప్పుఘర్, మరోసారి వెంకోజీపాలెం వైపు నుంచి మాధవధార. తిరుగు ప్రయాణం బస్సులో. ఒక రోజు నడక తప్పితే మర్నాడు రెట్టింపు నడవకూడదన్నది నేను కచ్చితంగా పాటించిన నియమం, ఎందుకంటే ఊపిరి త్వరగానే అలవాటు పడుతుంది గాని కండరాలను ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులు అంత తొందరగా లొంగవు. చెప్పులు లేకుండా నడవదలచాను కాబట్టి అరికాళ్లనూ సిద్ధం చేయవలసి వచ్చింది. బీచ్‌లో ఇసుక మీద నడిస్తే చాలునని కొందరు చెప్పారు. ఇసుక పిక్కలకు పని చెబుతుందే తప్ప తారురోడ్డుకు పాదాన్ని తయారు చేయదని నా అభిప్రాయం. అందుకే తెల్లవారుజామున, రోడ్డు చల్లగా ఉన్నప్పుడు, రోజుకు కాస్త చొప్పున వట్టికాళ్లతో నడిచాను. విశాఖ ఉక్కపోతలో చెమట ధారలు కడుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ సీసా చేతిలో లేనిదే బయలుదేరేవాణ్ణి కాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది మా వీధి గురించి. ఎన్ఏడీ కూడలి దాటాక దారి గోపాలపట్నం మీదుగానే పోతుంది. కాళ్లు పూర్తిగా అలసిపోయే వేళకు సొంత ఇల్లు ఎదురవుతుంది. అందుకని ఇంటికి తాళం వేసి గోశాల దగ్గర వేచి ఉండమని నా భార్యను ముందుగానే కోరాను. “తాళం చెవి కూడా మీకు ఇవ్వను,” అన్నది ఆవిడ.

చతుర్దశి నాడు తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి జనంతో కలిశాను. అప్పుఘర్ వద్ద సముద్ర స్నానం, దారి పొడవునా దాతలు పంచిన నీళ్లు, పులిహోర; మాధవధార దాకా శరీరం సహకరించింది. తరువాత నడక బాగా నెమ్మదించింది. మా వీధి మలుపు వద్ద నిజంగానే కాళ్లు ఆగాయి, కానీ ఇంటికి తాళం ఉంది. ప్రహ్లాదపురం దాటి గోశాల చేరేసరికి ఆవిడ మజ్జిగతో నిలబడి ఉన్నది. తెల్లవారకముందే తొలిపావంచా చేరి, మెట్లెక్కే ఓపిక లేక, కొండ మీదికి బస్సెక్కి దర్శనం చేసుకున్నాము.