బోరాన్ పంజరంలో కోబాల్ట్: ఈనెల నమూనాల పని ఎంతవరకు వచ్చింది

లోహమున్న బోరాన్ గుచ్ఛాలకు (పంజరంలా కలిసి ఉండే పరమాణువుల గుంపులకు) కొబ్బరి ఈనెలతో, థర్మోకోల్ బంతులతో నమూనాలు కట్టే పనిలో కోబాల్ట్ శాండ్‌విచ్ అయాన్ పూర్తయింది. ఇందులో తొమ్మిది బోరాన్లు, రెండు కార్బన్లు ఉన్న రెండు పంజరాలు ఒకే కోబాల్ట్‌ను చెరోవైపు నుంచి పట్టుకుని ఉంటాయి. మొత్తం 23 శీర్షాలు, 60 అంచులు. ప్రతి బోరాన్‌కూ, ప్రతి కార్బన్‌కూ బయటివైపు ఒక హైడ్రోజన్ ఉంటుంది గానీ, పంజరం ఆకారం స్పష్టంగా కనబడాలని వాటిని వదిలేశాను.

కొలత 1 ఆంగ్‌స్ట్రాంకు (సెంటీమీటరులో పదికోట్లవ వంతుకు) 3 సెం.మీ. చొప్పున తీసుకున్నాను. బోరాన్-బోరాన్ దూరం సుమారు 1.78 ఆంగ్‌స్ట్రాంలు కనుక బంతుల కేంద్రాల మధ్య 5.3 సెం.మీ. రావాలి. కోబాల్ట్-బోరాన్ దూరం 2.1 దగ్గర ఉంటుంది కనుక అక్కడ 6.3 సెం.మీ. కావాలి. బోరాన్, కార్బన్‌లకు 2 సెం.మీ. వ్యాసం గల బంతులు, కోబాల్ట్‌కు 4 సెం.మీ. బంతి వాడితే రెండుచోట్లా బంతుల నడుమ ఖాళీ 3.3 సెం.మీ.కే వస్తుంది. ఈనె రెండు కొసలూ 6 మి.మీ. చొప్పున లోపలికి దిగితే, ఈ రెండు రకాల అంచులకూ 4.5 సెం.మీ. ముక్క ఒక్కటే సరిపోతుంది. కార్బన్-కార్బన్ అంచుకు మాత్రం 4 సెం.మీ., కార్బన్‌ను బోరాన్‌కో కోబాల్ట్‌కో కలిపే అంచులకు 4.3 సెం.మీ. ముక్కలు కోసుకోవాలి.

శ్రద్ధ అంతా పెట్టవలసింది నడిమి బంతి మీద. కోబాల్ట్‌తో కలిపి ఒక్కో పంజరానిది ఐకోసాహెడ్రన్ ఆకారం, అంటే 12 శీర్షాలు, 20 త్రిభుజ ముఖాలున్న ఘనం. అది సమరూపంగా ఉంటే, అందులో ఒక శీర్షం నుంచి దిగువనున్న పంచభుజానికి వెళ్లే అయిదు అంచులూ నిలువు అక్షంతో సుమారు 58 డిగ్రీల కోణం చేస్తాయి. ఆ శీర్షంలో కోబాల్ట్ కూర్చున్నప్పుడు అది పంచభుజ తలానికి మరింత ఎడంగా, దాదాపు ఒకటిన్నర ఆంగ్‌స్ట్రాంల ఎత్తున నిలుస్తుంది. అదే స్థానంలో బోరాన్ ఉంటే ఆ ఎత్తు 0.93 మాత్రమే. అందువల్ల కోణం 45 డిగ్రీలకు తగ్గుతుంది. బంతి మీద రెండు ధ్రువాలు గుర్తించి, ఒక్కో ధ్రువం చుట్టూ 45 డిగ్రీల వలయం గీసి, ఆ వలయం మీద 72 డిగ్రీలకొకటిగా అయిదు చుక్కలు పెట్టి, రెండో వలయపు చుక్కలను 36 డిగ్రీలు పక్కకు జరపాలి. ఈనె గుచ్చేముందు దబ్బనంతో రంధ్రం చేసుకుంటే థర్మోకోల్ పొడిగా రాలదు. ఇలా కట్టిన నమూనాను ఎదురుగా పెట్టుకుని చూస్తే, లోహం పంజరంలో ఒక శీర్షమే అయినా తన పరిమాణంతో ఆ కొసను ఎలా సాగదీస్తుందో కొలబద్ద అక్కర్లేకుండానే తెలుస్తుంది.

అయితే ఈ ఈనెలు చూపేది దూరాలనే గానీ బంధాలను కాదు. ఈ విషయం నాకు చాలా ముఖ్యం. అందుకే ప్రతి నమూనాకూ ఎలక్ట్రాన్ల లెక్క రాసిన చీటీ ఒకటి కడుతున్నాను. ఒకవైపు పంజరం స్థానంలో సైక్లోపెంటాడైయినైల్ అనే అయిదు కార్బన్ల వలయమున్న సమ్మేళనాన్నే తీసుకుంటే, పంజర బంధాలకు ఒక్కో బోరాన్-హైడ్రోజన్ జత 2 ఎలక్ట్రాన్లు, ఒక్కో కార్బన్-హైడ్రోజన్ జత 3 ఇస్తాయి. కోబాల్ట్ వేలెన్సీ ఎలక్ట్రాన్లు 9కి వలయం ఇచ్చే 5 కలిపి, పంజర బంధాలకు అందని 12 తీసేస్తే 2 మిగులుతాయి. మొత్తం 26, అంటే 13 జంటలు. అంచులేమో 30. ఒక్కో అంచుకు ఒక్కో జంట పంచే వీలే లేదు. ఆ 13 జంటలు పంజరమంతటా పరచుకుని అన్ని శీర్షాలనూ కలిపి ఉంచుతాయి. మూసిన పంజరంలో శీర్షాల సంఖ్య కంటే ఒక జంట ఎక్కువ ఉంటుందని 1971లో కెన్నెత్ వేడ్ చెప్పిన నియమం ఇక్కడ చక్కగా కుదురుతుంది.

రెండు పంజరాలు ఒక శీర్షాన్ని పంచుకునేటప్పుడు ఆ నియమం ఒక్కటే చాలదు. దానికి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎలువతింగల్ జెమ్మిస్ బృందం 2001లో ప్రకటించిన ఎం-ఎన్-ఓ సూత్రం ఉంది. మన ఊళ్లో పుట్టిన సూత్రమని ఈ చీటీని కాస్త పెద్ద అక్షరాలతో రాశాను: పంజరాలు 2, శీర్షాలు 23, ఉమ్మడి శీర్షం 1, వెరసి 26 జంటలు కావాలి. పద్దెనిమిది బోరాన్-హైడ్రోజన్ జతల నుంచి 18 జంటలు, నాలుగు కార్బన్-హైడ్రోజన్ జతల నుంచి 6, కోబాల్ట్ తనవద్ద 6 ఎలక్ట్రాన్లు అట్టిపెట్టుకుని ఇచ్చే 3కు ఋణావేశపు ఎలక్ట్రాన్ కలిస్తే 2 జంటలు, లెక్క సరిపోయింది. 1965లో ఫ్రెడరిక్ హాథోర్న్ బృందం వెలువరించిన ఇనుము శాండ్‌విచ్‌కూ ఇదే 26 వస్తుంది, కాకపోతే దానికి రెండు ఋణావేశాలు కావాలి.

చిన్నదైన ఇనుము గుచ్ఛం కూడా కట్టాను. అయిదు బోరాన్ల చతురస్ర పిరమిడ్ శిఖరంలో ఒక బోరాన్-హైడ్రోజన్ జతకు బదులు మూడు కార్బోనిల్‌లున్న (తలా 2 ఎలక్ట్రాన్లిచ్చే కార్బన్ మోనాక్సైడ్‌లున్న) ఇనుము కూర్చుంటే 1974లో ప్రకటించిన ఫెర్రాబోరేన్ వస్తుంది. ఇనుము భాగం ఇచ్చేదీ రెండు ఎలక్ట్రాన్లే (8+6-12) కనుక, జంటలు రెండింటిలోనూ ఏడే. అడుగు చతురస్రపు అంచుల మీద వారధిగా ఉండే నాలుగు హైడ్రోజన్లను మాత్రం ఇక్కడ వదలకూడదు, ఎందుకంటే అవి లెక్కలో నాలుగు ఎలక్ట్రాన్లు తెస్తాయి. వాటికి ఆవాలంత పూసలు గుచ్చాను.

తరువాత కట్టబోయేది రీనియం గుచ్ఛం: ఆరు బోరాన్ల వలయానికి పైనా కిందా చెరొక రీనియం. ఇక్కడ సైక్లోపెంటాడైయినైల్ తరహా వలయంతో కలిపి ఒక్కో రీనియం భాగం ఇచ్చేది సున్నా (7+5-12), కనుక ఎనిమిది శీర్షాలకు ఉన్నవి ఆరు జంటలే, కావలసిన తొమ్మిదికి మూడు తక్కువ. పంజరం నొక్కినట్టు చదునై, రెండు రీనియంలూ వలయం మధ్యగుండా ఒకదానికొకటి దగ్గరవుతాయి. వాటిని కలిపే ఈనెకు వేరే రంగు వేయాలనుకుంటున్నాను.