మూడవ సభలో చేరడానికి నాకు రెండేళ్లు ఎందుకు పట్టింది (నా అనుభవం)

పునీత అస్సీసిపుర ఫ్రాన్సిస్ వారి మూడవ సభలో (సభ అంటే ఇక్కడ మీటింగ్ కాదు, ఆయన పేరున నడిచే కతోలిక సంఘం) చేరతానంటే మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇల్లొదిలి పోతావా ఏంటి?" అని. ఎక్కడికీ పోను, ఇదే ఇల్లు, ఇదే ఉద్యోగం అన్నాను. మొదటి సభ సన్యాసులది, రెండోది ఆయన శిష్యురాలు క్లారమ్మగారి మఠంలో ఉండే సిస్టర్లది, మూడోది మాలాంటివాళ్లది, పెళ్లయినవాళ్లూ కానివాళ్లూ ఎవరిళ్లలో వాళ్లుంటూనే ఫ్రాన్సిస్ వారి దారిలో నడిచేది. ఇప్పటి పేరు సెక్యులర్ ఫ్రాన్సిస్కన్ ఆర్డర్, పెద్దవాళ్ల నోట్లో మాత్రం ఇంకా మూడవ సభే. నెలకోసారి ఫ్రాటర్నిటీలో, అంటే మా సభ్యుల బృందంలో, అందరం కలుస్తాం. మిగతా రోజులు ఎవరి పాట్లు వాళ్లవి.

1978లో ఆరవ పౌలు పోపుగారు ఆమోదించిన నియమావళి చాలా చిన్నది, మొత్తం 26 అంశాలు, ఒక్క పూటలో చదివేశాను. ముందు కొంత పరిచయ కాలం, తర్వాత కనీసం ఏడాది ఫార్మేషన్, అంటే శిక్షణ, ఆపైన ప్రొఫెషన్, అంటే బతికినంత కాలం ఈ నియమం ప్రకారం సువార్తను జీవిస్తానని అందరి ముందూ మాట ఇవ్వడం. ఏడాదే కదా అనుకున్నాను.

ప్రార్థన దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. పొద్దునా సాయంత్రం కీర్తనలతో చేసే ప్రార్థన ఉంటుంది, కీర్తనల్ని నాలుగు వారాలకి పంచి పెట్టారు, పొద్దున జెకర్యా గీతం, సాయంత్రం మరియమాత గీతం. ప్రార్థన పుస్తకంలో పేజీ గుర్తుకి ఉండే రిబ్బన్లు మార్చుకోవడం రావడానికే నాకు నెల పట్టింది. తొలి రెండు నెలలు తెల్లవారకముందే లేచి పద్ధతిగా చేశాను, ఆ తర్వాత ఒక రోజు తప్పింది, ఆ మరుసటి రోజు రెండు రోజులవీ కలిపి చేద్దామని కూర్చుని అదీ పూర్తి చేయలేదు, అట్లా అట్లా మూడు వారాలు పుస్తకమే తెరవలేదు. మఠంలో అయితే గంట కొడతారు, పక్కవాళ్లు లేచి నడుస్తుంటే మనమూ కాళ్లీడ్చుకుంటూ వెళ్తాం. ఇక్కడ నువ్వు లేవలేదని ఎవరికి తెలుస్తుంది? నెల మీటింగులో "ప్రార్థన ఎలా సాగుతోంది" అని అడిగితే "బాగానే ఉంది బ్రదర్" అని రెండు సార్లు అబద్ధమాడాను కూడా. ప్రార్థన గురించి అబద్ధం!

మూడోసారి చెప్పేశాను. మా ఫార్మేషన్ చూసే ఆయన రిటైరైన పెద్దమనిషి, కోప్పడతారేమో అని టెన్షన్ పడితే ఆయన నవ్వి, "పాత నియమం తెలుసా అమ్మా?" అన్నారు. 1883లో పదమూడవ లియో పోపుగారు ఇచ్చిన నియమావళిలో మామూలు సభ్యులు రోజూ పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం పన్నెండేసి సార్లు చెప్పుకుంటే చాలని ఉందట. "పుస్తకం తెరవలేని రోజు అవి చెప్పుకో. తప్పిన రోజుకి బాకీ కట్టకు, అది అప్పు కాదు." నాకు పనికొచ్చిన సలహా ఇదొక్కటే అంటే అతిశయం కాదు. ఇప్పటికీ వారంలో ఒకటి రెండు రోజులు పన్నెండు జపాలతోనే గట్టెక్కుతాను.

సేవ సంగతికొస్తే, మంచం పట్టిన ఒక పెద్దావిడ దగ్గరికి వారానికోసారి వెళ్లమన్నారు. మొదటి రోజు బైబిలు పట్టుకుని వెళ్లాను. ఆవిడ నన్నూ బైబిలునీ చూసి, "ప్రార్థన తర్వాత చేద్దువు గానీ ముందు నా కాలిగోళ్లు తియ్యవే, దుప్పటికి పట్టేస్తున్నాయి" అంది. ఆ తర్వాత ఎప్పుడూ నెయిల్ కట్టర్ మర్చిపోలేదు.

అసలు చిక్కు కానుక దగ్గర వచ్చింది. దశమ భాగం అని ఒక లెక్క చెప్పేస్తే హాయిగా ఉండేది, కానీ నియమావళిలో అంకె లేదు, ఫ్రాటర్నిటీ ఖర్చులకీ ఆరాధనకీ దానధర్మాలకీ ఎవరి శక్తి కొలదీ వాళ్లు ఇవ్వాలని ఉంది అంతే. శక్తి ఎంతో ఎవరు చెప్పాలి? నెలాఖరున మిగిలింది ఇద్దామనుకున్నాను, నెలాఖరున ఏమీ మిగలదని అందరికీ తెలిసిందే. సరే అని జీతం రాగానే కొంత తీసి కవర్లో పెట్టడం మొదలుపెట్టాను, మా ఆయనకి చెప్పకుండా. మూడో నెలలో దొరికిపోయాను. "సన్యాసం పుచ్చుకుంది నువ్వా నేనా?" అన్నాడు. పెద్ద గొడవే అయింది. నాకేమో హంగేరీ ఎలిజబెతమ్మ గుర్తొచ్చింది, మూడవ సభకి పాలక పునీతురాలు, రాణివాసంలో ఉండి బీదలకి పంచిపెట్టి 1231లో 24 ఏళ్లకే చనిపోయింది. (ఆవిడ భర్త లుడ్విగ్ ఎప్పుడూ అడ్డు చెప్పలేదట, అది వేరే విషయం.) ఈ ఉదాహరణ ఫార్మేషన్ ఆయన దగ్గర తీస్తే ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. ఇంట్లో శాంతి ఉండాలన్నది కూడా నియమంలో ఉన్నదే, దాచి ఇచ్చింది కానుక ఎలా అవుతుంది, ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి అన్నారు. అదే నియమంలో మన అవసరాలు తగ్గించుకోమని కూడా ఉంది కదా, అక్కడ మొదలుపెట్టమన్నారు. మా ఆయన అవసరాలు కాదు, నావి.

ఇంటికొచ్చి సంవత్సరం ఖర్చులు రాసుకున్నాను. నేను కొని ఒక్కసారి కూడా కట్టుకోని చీరలు లెక్కపెడుతుంటే మా ఆయన పక్కన కూర్చుని నోరు మెదపలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది. ఇప్పుడు కవరులో పడేది మొదట్లో నేను దాచినదానికన్నా తక్కువే. కానీ బీరువాలో, ఇద్దరికీ కనపడే చోట ఉంటుంది, నేను కొనకుండా ఆగినంత అందులో పడుతుంది. ఏ నెలైనా మరీ పలచగా ఉంటే ఆయనే "ఏంటి, షాపింగ్‌కి వెళ్లొచ్చావా?" అని దెప్పుతాడు.

ఈ గొడవల్లో ఏడాది దాటిపోయింది, ఇంకొన్నాళ్లు ఆగుతానని నేనే అడిగాను, ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి ప్రొఫెషన్ దివ్యపూజలో జరిగింది. పేరు చెప్పుకుని, చేతిలో కాగితం వణుకుతుంటే చదివాను, మినిస్టర్, అంటే ఫ్రాటర్నిటీ పెద్ద, స్వీకరించారు, మెళ్లో చెక్కతో చేసిన టావ్ సిలువ వేశారు. మా ఆయన వెనక వరసలో కూర్చుని ఫొటోలు తీశాడు, అన్నీ మసక.

ఆ వారం పెద్దావిడ దగ్గరికి వెళ్తే నా మెడలోకి తేరిపార చూసి, "సిలువ పైముక్క విరిగిపోయిందేంటే?" అంది. విరగలేదమ్మా, అది టావ్ అని, ఇంగ్లీషు T లాంటి గ్రీకు అక్షరం, ఫ్రాన్సిస్ వారు సంతకంలా వాడేవారు అని మొదలుపెట్టాను. కాసేపు వింది. "సరే గానీ, పోయినసారి ఎడమకాలు సగంలో వదిలేశావు" అంది.